ఒకటి నుంచి ఎనిమిది దాకా

ఈ సంచికకి ఏదైనా రాయమని సీనియర్లు అడిగినప్పుడు ముందు కవిత రాద్దామనుకున్నాను. నాలుగు లైన్లు రాసి చించేశాను కూడా. నేను ఈసీఈ వాడిని. నా దగ్గర ఉన్న అసలు కథ వైఫైది, అది కూడా నేను తప్పు చేసిన కథ. మా రూమ్మేట్లకి తప్ప ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, ఈ సెమిస్టర్‌లో మన డిపార్ట్‌మెంట్‌లో సగం మంది ఐఓటీ మీదే మినీ ప్రాజెక్ట్ చేస్తున్నారు. ల్యాబ్‌లో వాళ్ళ కోడ్ చూస్తుంటే అందులో నా పాత తప్పే కనిపిస్తోంది.

మాది తెనాలి. చదివేది బాపట్లలో. మా బాబాయ్ వాళ్ళది రేపల్లె అవతల ఒక చిన్న ఊరు. మెయిన్ లైను మీద నిడుబ్రోలు దాటితే బాపట్ల, బ్రాంచి లైను మీద వేమూరు, భట్టిప్రోలు దాటితే రేపల్లె. రేపల్లెతో పట్టాలు అయిపోతాయి. అక్కడి నుంచి సముద్రం వైపు వెళ్తుంటే వరి చేలు తగ్గుతూ రొయ్యల చెరువులు పెరుగుతూ వస్తాయి. అందులో రెండెకరాల చెరువు మా బాబాయ్ లీజుకి తీసుకున్నాడు.

రొయ్యల చెరువు చూడని వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. వనామీ రొయ్యకి మేత ఎంత ముఖ్యమో నీళ్ళలో ఆక్సిజన్ అంతకంటే ముఖ్యం. పగలు నీళ్ళలోని నాచు ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే నాచు, రొయ్యలు, అడుగున కుళ్ళే మేత అన్నీ కలిసి దాన్ని తినేస్తాయి. అందుకే తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైములో ఏరేటర్లు తిరగాల్సిందే. తిరగకపోతే రొయ్య పైకి తేలుతుంది. తేలిందంటే పంట పోయే దారిలో ఉన్నట్టే.

మా వైపు కరెంటు సంగతి తెలిసిందే కదా. పోతుంది, వస్తుంది. పోయి వచ్చినప్పుడు స్టార్టర్ దానంతట అది పట్టదు, ఎవరో ఒకరు లేచి వెళ్ళి బటన్ నొక్కాలి. అందుకని బాబాయ్ పంట ఉన్నన్నాళ్ళూ చెరువు గట్టు మీద గదిలోనే పడుకునేవాడు. మా పిన్ని ఎప్పుడూ ఒక మాట అంటుంది, "మీ బాబాయ్‌కి ఆ చక్రాల చప్పుడు లేకపోతే నిద్ర పట్టదురా, ఇంట్లో పడుకోబెట్టాలంటే ఫ్యాన్ కింద ఒక ఏరేటర్ పెట్టాలి" అని.

సెకండియర్ అయిపోయిన సెలవుల్లో నేను ఒక డబ్బా తయారు చేశాను. లోపల మూడు నాలుగు వందల రూపాయల ఈఎస్‌పీ8266 బోర్డు, ఒక రిలే, ఆ రిలే నుంచి స్టార్టర్‌లోని కాంటాక్టర్‌కి వైర్లు. కరెంటు వచ్చిన రెండు నిమిషాలకి ఏరేటర్లు వాటంతట అవే ఆన్ అవుతాయి. గట్టు మీద ఇంటర్నెట్ లేదు కాబట్టి బోర్డే ఒక చిన్న హాట్‌స్పాట్ పెడుతుంది. ఫోన్ దానికి కనెక్ట్ చేసి, బ్రౌజర్‌లో 192.168.4.1 కొడితే ఒక పేజీ వస్తుంది. అందులో రెండు బటన్లు, ఆన్, ఆఫ్. గదిలో మంచం మీద పడుకునే ఆపొచ్చు, వేయొచ్చు.

కోడ్ నేను మొత్తం రాయలేదు. నెట్‌లో దొరికిన శాంపిల్ తీసుకుని మార్చాను. హాట్‌స్పాట్ పేరు మార్చాను, పేజీ మీద బాబాయ్ పేరు పెట్టాను, బటన్లకి ఆకుపచ్చ, ఎరుపు రంగులు వేశాను. శాంపిల్‌లో ఉన్న పాస్‌వర్డ్ మాత్రం మార్చలేదు. అది 12345678.

బాబాయ్ ఆ డబ్బా చూసి ఎంత మురిసిపోయాడో! పక్క చెరువుల వాళ్ళని పిలిచి మరీ చూపించాడు. "మా అన్న కొడుకు చేశాడయ్యా, ఇంజనీరింగు" అని ఒకటే చెప్పడం. ఎవరొచ్చినా ఒకసారి ఆపి, ఒకసారి వేసి చూపించేవాడు. పది రోజులు చూశాక, కరెంటు పోయి వచ్చినా చక్రాలు వాటంతట అవే తిరుగుతున్నాయని నమ్మకం కుదిరాక, రెండు నెలల్లో మొదటిసారి ఇంటికెళ్ళి పడుకున్నాడు. గట్టు మీద కాపలా మనిషి ఉన్నాడు.

ఆ రోజు పగలంతా మబ్బు. అంటే నాచు చేసిన ఆక్సిజనే తక్కువ. తెల్లవారుజామున నాలుగున్నరకి బాబాయ్‌కి మెలకువ వచ్చి, ఎందుకో మనసు ఆగక బండి వేసుకుని చెరువుకి వచ్చాడు. దూరం నుంచే తెలిసిపోయిందట. గట్టు మీద నిశ్శబ్దం. కరెంటు ఉంది, గదిలో లైటు వెలుగుతోంది, చక్రాలు మాత్రం తిరగడం లేదు.

"ఏవయ్యా, ఎప్పుడు ఆగినయ్యి?" అని అరిచాడు.

"గంట పైనే అయిందండి. మీరే ఇంటి కాడ నుంచి ఫోన్లో ఆపారనుకున్నానండి" అన్నాడు కాపలా ఆయన.

నాకు ఈ మాట ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది. ఆయన తప్పేమీ లేదు. చుట్టుపక్కల పొలాల్లో మోటార్లకి సిమ్ కార్డు పెట్టిన మొబైల్ స్టార్టర్లు ఉన్నాయి, రైతులు ఇంట్లో కూర్చుని ఫోన్ చేసి ఆపుతారు, వేస్తారు. మా డబ్బా వైఫై గట్టు దాటి పోదని ఆయనకెలా తెలుస్తుంది? అంతకుముందు ఏరేటర్ ఆగితే ఆయన పరిగెత్తేవాడు. నా డబ్బా వచ్చాక, ఆగితే ఎవరో ఆపారని అర్థం చేసుకున్నాడు.

బాబాయ్ చక్రాలన్నీ వేసి, ఆక్సిజన్ గోలీలు చల్లి, తెల్లారేదాకా నీళ్ళలో టార్చి వేసి చూస్తూ నిలబడ్డాడు. చాలావరకు తేరుకున్నాయి. కానీ రెండు మూడు రోజులు చెక్ ట్రేల్లో చచ్చిన రొయ్య వస్తూనే ఉంది. భయపడి అనుకున్నదాని కంటే ముందే పట్టుబడి పెట్టేశాడు. కిలోకి యాభై తూగాల్సింది డెబ్బై తూగింది. కౌంట్ పెరిగితే రేటు పడిపోతుంది. ఎంత పోయిందో ఆ అంకె ఆయన నాకు ఇప్పటికీ చెప్పలేదు. అడిగితే "పోనీలేరా, పంట దక్కింది గదా" అంటాడు.

ఎవరు ఆపారో సాయంత్రానికి తెలిసింది. పక్క చెరువు కాపలా ఆయన కొడుకు. పన్నెండేళ్ళు ఉంటాయి. బాబాయ్ అందరికీ చూపిస్తుంటే వెనక నిలబడి చూశాడు. రాత్రి నిద్ర పట్టక వాళ్ళ నాన్న ఫోన్‌లో ఆడుకుంటూ మా హాట్‌స్పాట్‌కి కనెక్ట్ అయ్యాడు. ఆపితే అవతల గట్టు మీద చక్రాలు ఆగుతున్నాయి, వేస్తే తిరుగుతున్నాయి. ఎవరికైనా సరదాగానే ఉంటుంది. ఆఖరుసారి ఆపాక నిద్రొచ్చింది.

నేను తెనాలి నుంచి రేపల్లె బండి ఎక్కి వెళ్ళాను. వాడిని కూర్చోబెట్టి "పాస్‌వర్డ్ ఎవరు చెప్పార్రా?" అని అడిగాను.

"ఎవరూ చెప్పలేదన్నా. 1234 కొట్టాను. కనెక్ట్ బటన్ వెలగలేదు. ఇంకా కొడతా పోయాను. 8 కొట్టేసరికి వెలిగింది."

నేను కాసేపు ఏం మాట్లాడలేకపోయాను. డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్‌కి కనీసం ఎనిమిది అక్షరాలు ఉండాలి. అందుకే శాంపిల్ కోడ్ రాసినవాళ్ళు 1234తో ఆగకుండా 12345678 పెడతారు. అందుకే ఫోన్ కూడా ఎనిమిదో అక్షరం పడేదాకా బటన్ వెలిగించదు. ఏ రూల్ అయితే భద్రత కోసం పెట్టారో, అదే వాడికి దారి చూపించింది.

తర్వాత నేను బుద్ధిగా కూర్చుని చదివాను. పరీక్ష కోసం చదివినట్టు కాదు, ఎక్కడ తప్పు చేశానో తెలుసుకోవాలని చదివాను. మీకు పనికొచ్చేంత వరకు ఇక్కడ చెప్తాను.

మనం వైఫై అని పిలిచేదాని అసలు పేరు ఐఈఈఈ 802.11. మొదటిసారి 1997లో వచ్చింది, అప్పటి వేగం సెకనుకి 2 మెగాబిట్లు. 1999లో 802.11బీ వచ్చాక 11కి పెరిగింది. తర్వాత జీ, ఎన్, ఏసీ, ఏఎక్స్ అంటూ అక్షరాలు పెరుగుతూ పోయాయి. చివరికి జనానికి గుర్తుండడం కోసం వైఫై 4, 5, 6 అని నంబర్లు పెట్టారు. స్టాండర్డ్ అంటే రైలు పట్టాల గేజ్ లాంటిది. కొలత ఒకటే కాబట్టి తెనాలిలో ఎక్కిన పెట్టె దేశంలో ఎక్కడికైనా పోతుంది. ఎవరో తయారు చేసిన నా బోర్డు, ఇంకెవరో తయారు చేసిన బాబాయ్ ఫోను మొదటిసారి కలిసినా మాట్లాడుకోగలిగాయంటే ఆ గేజ్ వల్లే. కానీ పెట్టెలో ఎక్కినవాడి దగ్గర టికెట్ ఉందో లేదో పట్టాలు చూడవు. ఆ పని వేరే ఉంది.

ఆ వేరే పని చరిత్ర ఇంకా బాగుంటుంది. మొదటి స్టాండర్డ్‌తో వచ్చిన తాళం పేరు వెప్. వైరు మీద ఉన్నంత భద్రత గాలిలో ఇస్తామని దాని పేరులోనే ఉంది. అందులో ప్రతి ప్యాకెట్‌కీ మారే అంకె 24 బిట్లు మాత్రమే, అంటే సుమారు 1 కోటి 67 లక్షల విలువలు. బిజీ నెట్‌వర్క్‌లో అవి తొందరగానే అయిపోయి మళ్ళీ మొదటికొస్తాయి. పైగా కీ తయారయ్యే పద్ధతిలోనే లోపం ఉందని 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే ముగ్గురు చూపించారు. ఈ షమీర్ ఎవరో కాదు, మనం నెట్‌వర్క్ సెక్యూరిటీలో చదివే ఆర్ఎస్ఏలోని 'ఎస్'. 2003లో తాత్కాలికంగా డబ్ల్యూపీఏ, 2004లో గట్టిగా డబ్ల్యూపీఏ2 వచ్చాయి.

డబ్ల్యూపీఏ2 నిజంగానే గట్టిది. లోపల ఏఈఎస్ ఉంటుంది. మనం పెట్టిన పాస్‌వర్డ్‌నీ నెట్‌వర్క్ పేరునీ కలిపి 4096 సార్లు తిప్పి తిప్పి కీ తయారు చేస్తుంది. అయినా ఒక చిక్కు ఉంది. ఫోను, రౌటరు కలిసేటప్పుడు నాలుగు మెసేజ్‌లు మార్చుకుంటాయి. వాటిని గాలిలో పట్టుకున్నవాడు ఇంటికి తీసుకెళ్ళి, తన కంప్యూటర్ మీద తీరిగ్గా ఒక్కో పాస్‌వర్డూ వేసి సరిపోతుందో లేదో చూసుకోవచ్చు. రౌటర్‌కి ఆ సంగతే తెలియదు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ దారి మూసింది. అందులో ప్రతి ఊహకీ రౌటర్‌తో కొత్తగా మాట్లాడాల్సిందే, ఇంటికి పట్టుకెళ్ళి విప్పడం కుదరదు.

మధ్యలో 2017లో డబ్ల్యూపీఏ2లో క్రాక్ అనే లోపం బయటపడింది. ఆ నాలుగు మెసేజ్‌లలో మూడోదాన్ని మళ్ళీ పంపి, వాడిన కీనే మళ్ళీ వాడేలా చేయొచ్చని మ్యాథీ వాన్‌హూఫ్ చూపించాడు. ఫోన్లకి అప్‌డేట్లు వచ్చాయి, సరిపోయింది. కానీ గోడకి కొట్టి మర్చిపోయిన డబ్బాలకి అప్‌డేట్ ఎవరు వేస్తారు? నా డబ్బాకైతే అప్‌డేట్ వేసే దారే నేను పెట్టలేదు.

ఇదంతా చదివాక నాకు అర్థమైంది ఏంటంటే, నా చెరువు కథలో ఈ లోపాలు వేటికీ సంబంధం లేదు. ఏఈఎస్‌ని ఎవరూ బద్దలు కొట్టలేదు. పన్నెండేళ్ళ పిల్లాడు ఒకటి నుంచి ఎనిమిది దాకా లెక్కపెట్టాడు, అంతే. ఇరవై ఏళ్ళు ఎంతోమంది కష్టపడి తాళాన్ని గట్టిచేశారు. నేను తాళంచెవిని తాళానికే వదిలేసి వచ్చాను.

ఇది నా ఒక్కడి కథా అనుకుంటే అదీ కాదు. మిరాయ్ అంటే మనవాళ్ళకి వెంటనే తేజ సజ్జా సినిమా గుర్తొస్తుంది. అంతకుముందే ఆ పేరుతో ఒక మాల్‌వేర్ ఉంది. జపనీస్‌లో ఆ మాటకి భవిష్యత్తు అని అర్థం. 2016లో అది నెట్‌లో కనిపించిన సీసీ కెమెరాలు, రికార్డర్లు, రౌటర్ల తలుపులన్నీ తట్టుకుంటూ పోయింది. తన దగ్గరున్న అరవై చిల్లర యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జంటలు ఒక్కొక్కటీ వేసి చూసింది. ఫ్యాక్టరీలో పెట్టినవే, ఎవరూ మార్చనివే. అలా లక్షల పరికరాలు దాని చేతిలోకి వెళ్ళాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న డిన్ అనే డీఎన్ఎస్ కంపెనీ మీద అలాంటి పరికరాల గుంపు ఒక్కసారిగా పడితే అమెరికాలో చాలామందికి ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ గంటల తరబడి తెరుచుకోలేదు. మిరాయ్ రాసిన ముగ్గురు 2017 డిసెంబర్‌లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. వాళ్ళ వయసు ఇరవై, ఇరవై ఒకటి. అంటే మన వయసే.

ఆ దెబ్బ తర్వాత చట్టాలు కూడా వచ్చాయి. కాలిఫోర్నియాలో 2020 జనవరి నుంచి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అన్ని పరికరాలకీ ఒకటే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టి అమ్మడం కుదరదు. నా డబ్బా అక్కడ అమ్మకానికి పనికిరాదు.

ఆ సెలవుల్లోనే తెనాలిలో మా ఇల్లు చెక్ చేశాను. మా నాన్నకి మార్కెట్ దగ్గర చిన్న ఫ్యాన్సీ షాపు ఉంది. అందులో రెండు కెమెరాలు. వాటిని ఇంట్లో కూర్చుని ఫోన్‌లో చూసుకుంటాడు. బిగించినాయన పాస్‌వర్డ్ మార్చలేదు. ఇంట్లో రౌటర్ లోపలి పేజీకి యూజర్‌నేమ్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే. డబ్ల్యూపీఎస్ ఆన్‌లో ఉంది. దీని గురించి ఒక లెక్క చెప్తాను, మీకు నచ్చుతుంది. డబ్ల్యూపీఎస్ పిన్ ఎనిమిది అంకెలు. చూడ్డానికి పది కోట్ల అవకాశాలు. కానీ రౌటర్ దాన్ని రెండు సగాలుగా చెక్ చేస్తుంది, మొదటి నాలుగు తప్పయితే అక్కడే చెప్పేస్తుంది. చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కకట్టేదే. కాబట్టి 10,000కి 1,000 కలిపితే చాలు, మొత్తం 11,000 ప్రయత్నాలు. 2011 నుంచి ఈ సంగతి అందరికీ తెలుసు. నేను అన్నీ మారుస్తుంటే నాన్న వెనక నుంచి, "మన షాపులో గాజులు, రిబ్బన్లు ఎవడు చూస్తాడ్రా?" అన్నాడు. "గాజుల కోసం కాదు నాన్నా, నీ కెమెరాతో ఇంకొకడి ఇల్లు కూల్చడానికి" అన్నాను. ఆయనకి అర్థమైందో లేదో కానీ పాస్‌వర్డ్ మాత్రం డైరీలో రాసుకున్నాడు. డైరీలో రాసుకోవడం తప్పు కాదు. ఆ డైరీ మా బీరువాలో ఉంటుంది, ఇంటర్నెట్‌లో ఉండదు.

ఇక బాపట్ల సంగతి. మన ఫస్టియర్‌లో 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. హాస్టల్ కిటికీలు కొట్టుకుంటుంటే దుప్పట్లు కప్పుకుని కూర్చున్నాం, గుర్తుందా? నాకు కరెంటు, సిగ్నల్ రెండూ పోయాయి. ఇంటికి ఫోన్ చేద్దామన్నా కుదరలేదు. బాబాయ్ ఆ రెండు రోజులూ జనరేటర్ పక్కనే ఉన్నాడు. సిమ్ ఉన్న స్టార్టర్లు ఉన్నవాళ్ళు కూడా వానలో నడిచి వెళ్ళి చేత్తోనే బటన్ నొక్కారు. సెక్యూరిటీ అంటే మూడు కాళ్ళని మనకి క్లాసులో చెప్పారు. సమాచారం బయటికి పోకూడదు, మధ్యలో ఎవరూ మార్చకూడదు, కావలసినప్పుడు పని చేయాలి. పరీక్షలో మూడిటికీ సమాన మార్కులు. చెరువు గట్టు మీద మాత్రం మూడోదానికే మార్కులన్నీ. రొయ్యల ఉష్ణోగ్రత ఎంతో ఎవడికైనా తెలిస్తే బాబాయ్‌కి పోయేదేం లేదు. చక్రం తిరగకపోతేనే పోతుంది.

అందుకని కొత్త డబ్బా ఇలా చేశాను. మీ ప్రాజెక్టులకి పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటిది, పాస్‌వర్డ్ కోడ్‌లో లేదు. మొదటిసారి ఆన్ చేయగానే కొత్తది పెట్టమని అడుగుతుంది, పెట్టేదాకా పేజీ తెరవదు. రెండోది, వైఫైకి కనెక్ట్ అయినంత మాత్రాన ఆపడం కుదరదు. ఆపాలంటే ఒక పిన్ కావాలి, బాబాయ్‌కి ఒకటి, కాపలా ఆయనకి ఒకటి. ఎవరు ఎప్పుడు ఆపారో డబ్బా గుర్తు పెట్టుకుంటుంది. మూడోది, రాత్రి పూట ఎవరు ఆపినా పది నిమిషాలకి దానంతట అదే ఆన్ అవుతుంది. నాలుగోది, చక్రాలు ఆగితే గది మీద సైరన్ మోగుతుంది, ఎవరు ఆపినా సరే. ఐదోది, డబ్బా చెడిపోయినా పని ఆగకుండా పాత స్టార్టర్ బటన్ అలాగే ఉంచాను. వీటిలో ఒక్కటే పాస్‌వర్డ్ గురించి అని గమనించారా? మిగతా నాలుగూ ఆ పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిపోయాక ఏం చేయాలన్నదాని గురించి.

కొంతమంది వైఫై వదిలేసి లోరా వాడమని సలహా ఇచ్చారు. మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గర లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చు, చిన్న చిన్న సందేశాలు కిలోమీటర్ల దూరం పోతాయి. ఊళ్ళో ఇంటి నుంచే చెరువు చూసుకోవచ్చు. మంచి సలహానే, ఈ ఏడాది అదే ప్రయత్నం. లోరావాన్‌లో 128 బిట్ల ఏఈఎస్ కీలు ఉంటాయి, చాలా గట్టివి. కానీ ట్యుటోరియల్‌లో ఉన్న కీనే కాపీ చేసి పెడితే మళ్ళీ నా 12345678 కథే, కాకపోతే ఈసారి గట్టు దాటి ఊరంతా వినిపిస్తుంది. బ్లూటూత్ అయినా, జిగ్బీ అయినా ఇంతే.

ఇంకొక్క మాట. ఇవన్నీ చదివాక హాస్టల్‌లో పక్క రూమ్ వాడి హాట్‌స్పాట్ మీద ట్రై చేయాలని చెయ్యి దురదపెడుతుంది. నాకూ పెట్టింది. మన ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద దానికి మూడేళ్ళ దాకా జైలు ఉంది. నేర్చుకోవాలంటే సొంత బోర్డు కొనుక్కుని దాన్నే బద్దలు కొట్టండి.

మొన్న సంక్రాంతికి కొత్త డబ్బా బిగించడానికి వెళ్ళాను. ఆ పిల్లాడు వచ్చి దూరంగా నిలబడ్డాడు. బాబాయే "రారా, నువ్వూ చూడు" అని పిలిచాడు. ఆ రోజు వాడిని తిట్టలేదట. నన్నూ తిట్టలేదు. వాడితో డబ్బా తెరిపించి, ఏ వైరు ఎక్కడికి పోతుందో చూపించాను. స్క్రూలన్నీ వాడే బిగించాడు.

అంతా అయ్యాక ఫోన్‌లో కొత్త పాస్‌వర్డ్ పెట్టమనే పేజీ తెరుచుకుంది. ఫోన్ బాబాయ్ చేతికిచ్చాను.

"ఏం పెట్టమంటావు? నువ్వే పెట్టు, నీకు తెలుసు గదా" అన్నాడు.

"నాకు తెలియకూడదు బాబాయ్. పిల్లాడికీ తెలియకూడదు. నువ్వే పెట్టుకో. మీ ఇద్దరికే గుర్తుండే మాట ఏదైనా, పొడుగ్గా పెట్టుకో."

ఆయన కాసేపు ఆలోచించి, మా ఇద్దరి వైపూ చూసి, ఫోన్ తీసుకుని గోడ వైపు తిరిగాడు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. ఐదు నిమిషాలు పట్టింది. పిల్లాడు అక్షరాలు లెక్కపెట్టడానికి ప్రయత్నిస్తుంటే వాడి నెత్తి మీద చిన్నగా మొట్టాను.

ఆ రాత్రి బాబాయ్ ఇంటికి వెళ్ళి పడుకుంటాడేమో అనుకున్నాను. వెళ్ళలేదు. నాకూ ఒక మంచం వేసి, గట్టు మీదే పడుకున్నాడు. చక్రాల చప్పుడులో ఎప్పటికో నిద్ర పట్టింది.